పడవకు రంగు వేయడానికి ఎనిమిది నెలలు

ఏప్రిల్ 6, ఆదివారం

పడవ వచ్చింది. 14 అడుగుల పాత ఫైబర్ పడవ. పులికాట్ సరస్సులో వలలు మోసి మోసి, చివరికి ఒడ్డున బోర్లా పడి మేకలకు నీడనిస్తూ ఉన్నదాన్ని మా తమ్ముడు తడ దగ్గర చూసి 22 వేలకు బేరం చేశాడు. శ్రీకాళహస్తి మీదుగా తిరుపతికి తెచ్చిన మినీ లారీకి మరో 6 వేలు. అమ్మిన పెద్దాయన పడవను ఒకసారి నిమిరి, "ముందుది అణియం, వెనుకది అమరం. అమరం చూసుకో అమ్మా, బరువంతా అక్కడే కూర్చుంటుంది" అన్నాడు. ఏదో ఆనవాయితీగా చెప్పే మాట అనుకున్నాను.

వీధిలో అందరిదీ ఒకటే ప్రశ్న: "తెప్పోత్సవానికి మొక్కుకున్నారా?" కాదని చెప్పినా ఎదురింటి పెద్దావిడ పడవ ముక్కుకు పసుపు కుంకుమ పెట్టి, దణ్ణం పెట్టుకుని వెళ్లింది. తిరుపతిలో ఇంటి ముందు పడవ ఉంటే అది దేవుడిదే అయి ఉండాలి.

అసలు సంగతి వేరు. 2021 నవంబరు వానలకు తిరుపతి వీధులు వాగులైనప్పుడు చంద్రగిరి వైపున్న మా పుట్టింటి చెరువు నిండి మొరవ (అలుగు) పారింది. చిన్నప్పుడు ఆ చెరువులో మేము క్రికెట్ ఆడుకున్నాం. అందులో నీళ్లు నిలవడం చూశాక తమ్ముడికీ నాకూ పడవ పిచ్చి పట్టుకుంది. మోటారు వద్దు, రెండు తెడ్లు, ఒక గడ, పైన చిన్న గుడారం, ఒంటికి మంచి రంగు, కాస్త కళాత్మకంగా ఏదైనా బొమ్మ. పంచాయతీని, చేపల సంఘం వాళ్లను ముందే అడిగాం. వలల దగ్గరికి రాకూడదు, తూము దగ్గర కట్టకూడదు అన్నారు. సరే అన్నాం.

నా అంచనా: రెండు వారాలు గీకడం, ఒక వారం రంగు. మే నెలకు చెరువులో ఉంటాం.

ఏప్రిల్ 13

గీకడం మొదలుపెట్టాను. పసుపు కింద ఆకుపచ్చ, దాని కింద నీలం. మూడూ గోడలకు, గేట్లకు వేసే ఎనామిల్ రంగులే. ప్రైమర్ లేకుండా ఫైబర్ మీద పూసినందువల్ల ఉల్లిపొర లేచినట్టు లేచిపోతున్నాయి. ఊడేది ఊడటం మంచిదే. ఊడనిది బాధ.

మధ్యాహ్నం చెక్క సుత్తితో పడవ మొత్తం తట్టి చూశాను. పుచ్చకాయ కొనేటప్పుడు తట్టినట్టే. గట్టిగా ఉన్నచోట ఖంగుమంటుంది, లోపల పొరలు విడిపోయినచోట మొద్దుగా పలుకుతుంది. మొద్దుగా పలికిన ప్రతిచోటా సుద్దముక్కతో గీత గీస్తూ పోతే వెనుక బల్ల కింద ఒక పళ్లెమంత, కుడి పక్కన అరచేయంత తేలాయి. ఇక వెనుక పలక సంగతి: ఒక పాత స్క్రూ విప్పగానే టీ డికాక్షన్ లాంటి నీళ్లు కారాయి. ఫైబర్ పొరల మధ్య బలానికని పెట్టిన ప్లైవుడ్ పూర్తిగా కుళ్లిపోయింది. పెద్దాయన ఆనవాయితీ మాటేమీ చెప్పలేదు.

ఏప్రిల్ 27

రెండు వారాలుగా పని ఏమీ జరగలేదు. పడవ ఆరుతోంది, అదే పని. మెత్తబడిన చోట లోపలి తేమ పోవడానికి 6 మిల్లీమీటర్ల రంధ్రాలు తొమ్మిది వేశాను. వేసేటప్పుడు ఏడుపు వచ్చినంత పనైంది, నీళ్లు చొరకూడని వస్తువుకు చేతులారా బెజ్జాలు పెట్టడం.

ఆరిందో లేదో తెలుసుకోవడానికి ఖర్చులేని పరీక్ష ఒకటుంది. జానెడు పాలిథిన్ ముక్కను పడవ అడుగున నాలుగు వైపులా టేపుతో గాలి చొరకుండా అంటించి ఎండలో వదిలేయాలి. లోపలి వైపు చెమ్మ పడితే ఇంకా తడి ఉన్నట్టు. మొదటి వారం పాలిథిన్ కింద ఆవిరి పట్టి ఇడ్లీ పాత్ర మూతలా ఉంది. నిన్నటికి పొడిగా వచ్చింది. తిరుపతి ఎండను తిట్టుకోని రోజు నా జీవితంలో ఇదొక్కటే.

మే 11

ఇరవై ఏళ్లు పిల్లలకు రసాయన శాస్త్రం చెప్పాను. ఈ రోజు నా చేతిలోనే మగ్గు పొగలు కక్కింది.

అతుకులకు ఐసోఫ్తాలిక్ పాలియెస్టర్ రెజిన్, అంటే గాజుపీచును తడిపి గట్టిపడే జిగురు ద్రవం, వాడుతున్నాను. మామూలు రకం కంటే ఇది నీటికి బాగా తట్టుకుంటుంది. దీన్ని గట్టిపరచడానికి రెండు పదార్థాలు కావాలి: చర్యను వేగవంతం చేసే కోబాల్ట్, చర్యను మొదలుపెట్టే పెరాక్సైడ్. ఈ రెండింటినీ నేరుగా ఒకదానితో ఒకటి కలిపితే పేలే ప్రమాదం ఉంది. అందుకే కోబాల్ట్ ముందే కలిపిన రెజిన్ అడిగి తెచ్చుకున్నాను. అక్కడి వరకు తెలివి పనిచేసింది. తర్వాత అర కిలో రెజిన్‌లో 10 గ్రాముల పెరాక్సైడ్ కలిపాను, అంటే 2 శాతం. చల్లటి ఊళ్లలో సరిపోయే లెక్క అది. ఉదయం పదింటికే కాల్చేస్తున్న ఎండలో ఏడు నిమిషాలకు మగ్గులో హల్వా తయారైంది. తొమ్మిదో నిమిషానికి మగ్గు కరిగింది. చర్యలో వేడి పుడుతుంది, లోతైన పాత్రలో ఆ వేడి బయటికి పోలేదు, వేడి పెరిగేకొద్దీ చర్య వేగం పెరిగింది. పదో తరగతి పిల్లలు చెప్పగల సంగతి.

ఇప్పుడు పద్ధతి మార్చాం. తెల్లవారుజామున ఐదున్నరకు మొదలు, ఎనిమిదికి ఆపు. అర కిలోకు 5 గ్రాములు, 1 శాతం. కలిపిన వెంటనే వెడల్పాటి ట్రేలో పోయడం. 20 నిమిషాలు తీరిగ్గా పని చేసుకోవచ్చు.

అతుకు వేయడంలో ఓపిక అంతా అంచు దగ్గరే కావాలి. మెత్తబడిన పొరలను గ్రైండర్‌తో తీసేశాక, గుంత అంచును నిట్టనిలువుగా వదలకూడదు. పడవ మందం 5 మిల్లీమీటర్లు, దానికి 12 రెట్లు, అంటే 60 మిల్లీమీటర్ల దూరం వరకు పళ్లెం అంచులా వాలుగా అరగదీయాలి. అప్పుడే కొత్త పొర పాతదాన్ని గట్టిగా పట్టుకుంటుంది. చదరపు మీటరుకు 450 గ్రాముల గాజుపీచు మ్యాట్, దాని బరువుకు రెండున్నర రెట్లు రెజిన్, చిన్నవాటి మీద పెద్దవి వచ్చేలా నాలుగు పొరలు, ప్రతి పొరలో గాలి బుడగలు పోయేదాకా రోలర్. వెనుక పలకకు 12 మిల్లీమీటర్ల మెరైన్ ప్లైవుడ్, ఐఎస్ 710 ముద్ర ఉన్నది, రెండు పొరలు. కోసిన ప్రతి అంచుకూ రెజిన్ తాగించాను. పాత పలక కుళ్లింది అంచుల నుంచే.

గాజు ధూళి దురద గురించి ఒక మాట: చన్నీళ్లతో కడుక్కోవాలి. వేడినీళ్లు పోసుకుంటే దురద ఇంకా పెరుగుతుందట. మా ఆయన నాకు వేడినీళ్లు కాచిపెట్టిన తర్వాత ఈ సంగతి తెలిసింది.

ఈ వారం సహాయకుడు లేడు. గంగమ్మ జాతరకు వేషం కడుతున్నాడు. తాతయ్యగుంట గంగమ్మ జాతర వారంలో తిరుపతిలో మనిషిని పనికి పిలవడం తప్పు, పిలిచినా రాడు.

మే 25

అవమానం నంబర్ రెండు. వేరే దారి లేదు, రాసేస్తున్నాను.

ఫైబర్ పడవలో నీళ్లు నిండితే మునుగుతుంది. చెక్కలా తేలదు. మా పడవ బరువు దాదాపు 150 కిలోలు, ఫైబర్ సాంద్రత నీటికి సుమారు ఒకటిన్నర రెట్లు. అంటే పూర్తిగా మునిగినప్పుడు 100 లీటర్ల నీటిని పక్కకు నెడుతుంది, 100 కిలోల బరువును నీరే మోస్తుంది. మిగిలిన 50 కిలోలకు గాలి నిండిన వస్తువేదైనా లోపల ఉండాలి. పట్టుకుని వేలాడే మనుషుల కోసం మరో 50 కలుపుకుంటే మొత్తం 100 లీటర్లు. తమ్ముడికి ఈత రాదు కాబట్టి ఈ లెక్క మూడుసార్లు చేశాను.

బల్లల కింద థర్మోకోల్ దిమ్మెలు పేర్చి, పైన మ్యాట్ పరిచి రెజిన్ పోశాను. దిమ్మెలు కళ్ల ముందే కుంగిపోయాయి. పాలియెస్టర్ రెజిన్‌లో ఉండే స్టైరీన్‌కు థర్మోకోల్‌ను కరిగించే గుణం ఉంది. థర్మోకోల్ అంటేనే పాలీస్టైరీన్. పాఠ్యపుస్తకంలో రెండు పేర్లూ ఒకే పేజీలో ఉంటాయి. "అక్కా, నువ్వు పాఠం చెప్పిన పిల్లలు ఇప్పుడు ఏం చేస్తున్నారు?" అని తమ్ముడు చాలా మర్యాదగా అడిగాడు.

జిగురు జిగురుగా మిగిలినదాన్ని గీకడానికి రెండు రోజులు. ఇప్పుడు బల్లల కింద మూతలు బిగించిన 20 లీటర్ల ప్లాస్టిక్ క్యాన్లు ఐదు ఉన్నాయి, నైలాన్ పట్టీలతో కట్టి. చూడటానికి ఏమీ బాగుండదు. ఏటా విప్పి చూసుకోవచ్చు, నాకు అదే చాలు.

జూన్ 11

జ్యేష్ఠ పౌర్ణమి. తిరుచానూరులో అమ్మవారి తెప్పోత్సవాల చివరి రోజు. ఐదు రోజుల ఉత్సవంలో ఒక్క రోజైనా చూసి అలంకరణలో ఏదైనా నేర్చుకుందామని పద్మసరోవరానికి వెళ్లాం. పూలు, దీపాలు, నీళ్లలో వాటి నీడలు. చుట్టూ అందరూ అమ్మవారిని చూస్తుంటే నేను తెప్ప అంచు నీళ్లలో ఎంత లోతు కూర్చుందో చూస్తున్నాను.

నాకు కనువిప్పయింది తెప్ప వెడల్పు. అంత ఎత్తు మండపం, పూల బరువు, లోపల అర్చకులు, అయినా ఒరగదు. పలక పరిచినట్టు వెడల్పుగా ఉండటం వల్ల ఒక పక్కకు ఏ కొంచెం వంగినా ఆ పక్క నీరే దాన్ని పైకి నెడుతుంది. మా పడవ నడుము నాలుగున్నర అడుగులు మించదు. దీని మీద నేను కాగితం మీద గీసుకున్న గోపురం ఆకారపు గుడారం, ఇత్తడి గంటలు, చెక్క స్తంభాలు పెడితే మొదటి గాలికే అందరం చెరువులో ఉంటాం. పడవలో బరువు ఎంత పైకి పోతే ఒరిగే ఆపద అంత పెరుగుతుంది.

ఇంటికి వచ్చి కాగితం చింపేశాను. గుడారం నాలుగు సన్నని అల్యూమినియం గొట్టాల మీద గుడ్డ మాత్రమే. కూర్చున్నవాళ్ల తల మీద జానెడు ఎత్తు. గాలి లేస్తే రెండు ముళ్లు విప్పి పడేయాలి.

జూలై 6

శ్రీకాళహస్తి. గుడారానికి కలంకారీ గుడ్డ కావాలని ఒక కళాకారుడి ఇంటికి వెళ్లాం. నా కోరిక విని ఆయన నవ్వలేదు, అదే గొప్ప. గుడ్డను కరక్కాయ రసం కలిపిన పాలలో తడిపి ఆరబెట్టడం, బెల్లం నీళ్లలో తుప్పుపట్టిన ఇనుము నానబెట్టి తీసిన నలుపుతో గీతలు, పటిక పూసిన చోట ఎరుపు పట్టడం, మధ్య మధ్య ఉతుకుడు, అన్నీ చూపించి, చివర ఒక్క మాట అన్నాడు: "ఇది నీడలో బతికే గుడ్డ అమ్మా. రోజంతా ఎండలో పెడితే పసుపు ముందు పోతుంది, తర్వాత మిగతావి."

కాబట్టి పైన మామూలు టార్పాలిన్, దాని లోపలి వైపు కలంకారీ, గుండీలతో విప్పుకునేలా. బయటివాళ్లకు కనిపించేది టార్పాలిన్. పడవలో పడుకుని పైకి చూసేవాళ్లకు చెట్టు, చిలుకలు. నాకు ఇలాగే నచ్చింది.

ఆగస్టు 17

పడవ ఇప్పుడు రేణిగుంట రోడ్డులో ఒక కార్ల టింకరింగ్ షెడ్డులో ఉంది. మేస్త్రీ స్ప్రే గన్ పట్టుకుంటే చూడాలి, చేయి ఊగదు. కాని పుట్టీ దగ్గర ఇద్దరికీ వారం రోజులు మాటల్లేవు. ఆయన కార్లకు పూసే పుట్టీతో అడుగు భాగం చదును చేస్తానంటాడు. ఆ పాలియెస్టర్ పుట్టీ తేమ పీల్చుకుంటుంది. కారు డోరుకు ఫరవాలేదు, రోజంతా నీళ్లలో ఉండే అడుగుకు పనికిరాదు. నీటి గీతకు కింద ఎపాక్సీ పుట్టీ కావాలన్నాను. "ముప్పై ఏళ్లుగా పూస్తున్నానమ్మా" అన్నాడు. "పడవలకా?" అన్నాను. ఆ మాట అనకుండా ఉండాల్సింది.

చివరికి కింద ఎపాక్సీ, పైన ఆయన ఇష్టం. 120 నంబరు ఎమరీ కాగితంతో మొదలై 220, 320, ఆఖరున నీళ్లు పోస్తూ 400. తర్వాత ఎపాక్సీ ప్రైమర్ రెండు పూతలు. పైరంగు రెండు డబ్బాలు కలిపే పాలీయూరిథేన్: ఒంటికి మీగడ తెలుపు, అంచుకు మాత్రం నీలం. పడవంతా ముదురు నీలం వేయాలని తమ్ముడి ఆశ. మా ఎండల్లో ముదురు రంగు పడవలో కూర్చోవడమంటే పెనం మీద కూర్చోవడమే. గట్టిపరిచే ద్రావణంలో ఊపిరితిత్తులకు హాని చేసే ఐసోసైనేట్లు ఉంటాయి, మేస్త్రీకి గుడ్డ కట్టుకునే అలవాటు. ఫిల్టర్ ఉన్న మాస్కు కొనిచ్చి, పెట్టుకునేదాకా డబ్బా మూత తీయనివ్వలేదు. మళ్లీ రెండు రోజులు మాటల్లేవు.

ఇవాళ సాయంత్రం రెండో పూత వేస్తుండగా మబ్బు కమ్మింది. వాన షెడ్డులోకి రాలేదు, గాలిలో తేమ వచ్చింది. ఆరని రంగు తేమను పట్టుకుని కుడి పక్కంతా మెరుపు చచ్చి, పాలు విరిగినట్టయింది. మేస్త్రీ నా వైపు చూశాడు. నేను ఏమీ అనలేదు. "రేపు పొద్దున గీకి మళ్లీ కొడతానమ్మా" అన్నాడు. సంధి కుదిరింది.

సెప్టెంబరు 14

బొమ్మల రోజు. ఫ్లెక్సీలు వచ్చాక పని తగ్గిపోయిన ఒక సైన్‌బోర్డు కళాకారుడిని తమ్ముడు వెతికి పట్టుకొచ్చాడు. స్కేలు లేకుండా 14 అడుగుల గీత ఒక్క ఊపిరిలో గీశాడు. ఆ నీలి గీత ఒక్కటే చాలు, పడవ నిలబడిన తీరే మారిపోయింది.

తర్వాత అడిగాడు: "నామం ఎక్కడ పెట్టమంటారు మేడమ్? ముక్కు మీదా, రెండు పక్కలా?" నామం వద్దు, ఈ పడవ పులికాట్ నుంచి వచ్చింది కాబట్టి ముక్కు దగ్గర ఫ్లెమింగో వేయమన్నాను. ఫోనులో ఫోటో కూడా చూపించాను. గంట తర్వాత చూస్తే అద్భుతమైన హంస. మెడ వంపు, రెక్క మీద ఆభరణాలు, అచ్చం హంస వాహనం. జీవితమంతా బ్రహ్మోత్సవాల బోర్డులు రాసిన చేయి అది, ఇంకోలా తిరగదు. ఫ్లెమింగో ముక్కు మధ్యలో కిందికి విరిగినట్టు వంగి ఉంటుంది, తల కిందికి వాల్చి ఆ ముక్కుతో నీళ్లు వడగట్టుకుంటుంది అని చెప్పాను. ఆయన కాసేపు ఆలోచించి ముక్కు మాత్రం దిద్దాడు. ఇప్పుడు మా పడవ మీద పక్షిశాస్త్రంలో లేని పక్షి ఉంది. రెండో వైపు కూడా అలాగే వేయమన్నాను.

ఎదురింటి పెద్దావిడ వచ్చి హంస వాహనానికి దణ్ణం పెట్టుకుంది.

అక్టోబరు 12

చెరువు అడుగున సర్కారు తుమ్మ మోడులు ఉన్నాయి. చెరువు ఎండిన ఏళ్లలో మొలిచి, కొట్టేసినా మొదళ్లు మిగిలాయి. నీళ్లలో కనిపించవు. పడవ అడుగుకు రాపిడి తగలకుండా మూడు పొడవాటి చెక్క పట్టీలు కావాలి. అవి అరిగిపోవాలి, పడవ అరగకూడదు. వడ్రంగి బండి చక్రాలకు వాడే నల్లతుమ్మ చేవ తెచ్చాడు. కోసిన చోట ఎర్రగా ఉంది. శేషాచలం కొండల నీడలో ఎర్రటి దుంగ చూస్తే తమ్ముడికి చెమట పట్టింది, బిల్లు ఉందా అని నాలుగుసార్లు అడిగాడు. తుమ్మ మోడులకు తుమ్మ పట్టీ. ముల్లును ముల్లుతోనే.

పాలీయూరిథేన్ సీలెంట్ పూసి, స్టీలు స్క్రూలతో బిగించాం. సిలికాన్ వాడలేదు. అది ఒకసారి పూసిన చోట మళ్లీ ఏ రంగూ అంటదు.

నవంబరు 23

చెరువు ముప్పాతిక నిండింది. ట్రాక్టరు ట్రాలీ మీద పడవ, వెనకాల ఊరు సగం. కొబ్బరికాయ కొట్టారు. కట్ట మీద నుంచి దింపగానే పడవ నీళ్ల మీద సమంగా కూర్చుంది. వెనుక పలక దగ్గర నీటి గీత ఎక్కడ ఉంటుందని లెక్కవేశానో అక్కడే ఉంది, రెండు వేళ్లు అటూ ఇటూ. లైఫ్ జాకెట్లు తొడుక్కుని తమ్ముడు, మా ఆయన, నేను ఎక్కాం. గుడారం కింద పడుకుని చిలుకలను చూశాను, ఐదు నిమిషాలు.

ఆరో నిమిషంలో మా ఆయన, "ఇక్కడ తడిగా ఉండాలా?" అని అడిగాడు.

వెనుక బల్ల కింద నీళ్లు. ధార కాదు, ఊట. అరగంటకు చెంబెడు. ఆయన తోడి పోస్తూ ఉంటే మేము ఒడ్డుకు వచ్చాం. ఒడ్డు మీద జనం మాత్రం పక్షి ఏ వాహనమో చర్చించుకుంటున్నారు.

నవంబరు 30

పడవను బోర్లించి, లోపల రంగు కలిపిన నీళ్లు... కాదు, ముందు పాత డైరీ తిరగేశాను. ఏప్రిల్ 27: రంధ్రాలు తొమ్మిది. మే నెలలో మూసినవాటికి పెట్టిన టిక్కులు లెక్కపెట్టాను. ఎనిమిది.

తొమ్మిదోది మధ్య పట్టీ కింద ఉంది. అతుకు బయటి అంచున పడటం వల్ల మ్యాట్ దాని మీదికి రాలేదు, పుట్టీ పైపైన కప్పింది, ఆ మీద పట్టీ కూర్చుంది. స్క్రూ బిగించినప్పుడు పుట్టీ పగిలినట్టుంది. పట్టీ విప్పి, గుంతను పళ్లెంలా అరగదీసి, రెండు పొరల మ్యాట్ వేశాను. ఇప్పటి చలికి 1 శాతం చాలలేదు, ఒకటిన్నర వేయాల్సి వచ్చింది.

అంచు మీది నీలం కూడా పట్టీ విప్పేటప్పుడు రెండుచోట్ల గీసుకుపోయింది. మిగిల్చిన డబ్బా తెరిస్తే రంగు రాయిలా ఉంది. మేస్త్రీకి ఫోను చేశాను.